రెండంగుళాల తీగ

అరచేతిలో పట్టే ప్రాణిని
పన్నెండడుగులు చెయ్యమన్నారు.
కరకంబాడి రోడ్డు మలుపులో, డివైడర్ మీద,
ఆదివారానికల్లా.

దేవాంగపిల్లిని నేనెప్పుడు చూసినాను?
కాగితం మీద ఫొటో ఇచ్చి పోయినాడు కాంట్రాక్టరు.
ముఖంలో సగం కండ్లే.
మిగతా సగం ఆ కండ్లను చూసి బెదిరినట్టుండాది.

పాత సామాను అంగట్లో ఎముకలు ఏరుకున్నా.
వెన్నుకు సైకిల్ చైన్లు,
చేతులకు బోరింగు కడ్డీలు,
కనుమ దోవలో అరిగి అరిగి
ఇంక చాలనుకున్న బస్సు బ్రేకు డ్రమ్ములు భుజాలకు.
వేళ్లకే ఏదీ కుదర్లా.

మామండూరు నుంచి తేనె అమ్మను వచ్చే పోలయ్య
షెడ్డు ముందర చానాసేపు నిలబడినాడు.
"తోక పెట్టినావే?"
"పిల్లి అన్నారు గదబ్బా."
"పేరుకే పిల్లి. తోక యాడిది దానికి?
కొమ్మను పట్టుకుంటే
కొమ్మకు గూడా తెలీకుండా పట్టుకుంటాది."
ఎట్లనో చూపించినాడు, నా మణికట్టు మీద.

తోక కోసేసినా.
గొడుగు ఊచలు వంచి, నా మణికట్టునే చూసుకుంటా
వేళ్లు అతికినా.

నడిరాత్రి, రాడ్డు అంటుకున్న వెలుతుర్లో గుర్తొచ్చింది.
చూసినా. చూడకేం.
ఆరేండ్లప్పుడు, జ్వరం దిగలేదని
మా అవ్వ ఎవరి దగ్గరో కొని తెచ్చిన గోనెసంచి.
లోపల ఏదో
నిదానంగా,
తొందర అంటే తెలీనట్టు కదిలింది.
తెల్లారి నా మెడలో తాయెత్తు.
జ్వరం దిగింది.
సంచి ఏమైందో నేను అడగలా,
ఈ పొద్దు దాకా.

"కండ్లలో లైట్లు పెట్టు,
కొండకు పోయేటోళ్లకు దూరం నుంచే కనపడాల."
పెట్టినా. లారీవి, రెండు.
వెలుతురు పడితే మొగం దాచుకునే దానికి.

ఆదివారం రిబ్బను కత్తిరించినారు.
మీట నొక్కినారు. వెలగలా.
మళ్లా నొక్కినారు.
పాపం, ఎలక్ట్రీషియన్ వేలాయుధాన్ని తిట్టినారు.
ఎడమ చెవి వెనకాల, లోపల,
తీగ రెండంగుళాలు పొట్టి.
ఎవురూ ఎక్కి చూడలా.

ఇప్పుడు రాత్రిపూట ఆ దోవన పోతే
ఎవురి బండి లైటో దాని కండ్లలో ఒకసారి మెరిసి
ఆరిపోతాది.
ఒక్కోనాడు బండాపి, డివైడరెక్కి,
కిందకి వంగిన ఆ చిటికెనవేలు పట్టుకుంటా.
పొద్దస్తమానం ఎండలో నిలబడిన ఇనుము.
ఆరేండ్ల పిల్లోడి ఒళ్లు మాదిరి
కాగతానే ఉంటాది.