ముల్లు నిలబడేదాక

మా బాపు ఎనుమాముల మార్కెట్ల దడువాయి.
ముప్పై ఒక్క ఏండ్లు పరాయోళ్ల మిర్చి జోకిండు.
ఇంటికొచ్చినంక సుత తుమ్ముతనే ఉంటడు.
తుమ్ముకూ తుమ్ముకూ నడుమ అడిగిండు:
"కాయితం వచ్చిందట గద?"

వచ్చింది.
క్లర్కు. సిపాయిల లెక్క రాసే సిపాయి.
జీతం పట్టీ, సెలవు చిట్టీ, బదిలీ హుకుం,
ఎవనికి పెండ్లయింది, ఎవనికి బిడ్డ పుట్టింది,
ఏ మంచుకొండ మీద ఎన్ని రాత్రులు నిలబడితే
ఎంత భత్తెం,
అన్నీ తారీఖుతోని ఎక్కియ్యాలె.

హన్మకొండ స్టేడియంల తెల్లారగట్ల మూడింటికి
వరుసల నిలబడ్డప్పుడు
పరకాల దిక్కు పోరడు, ఓదెలు,
నా చేతిల కార్డు చూసి నవ్విండు:
"పెన్ను వట్టేటందుకు గింత ఉరుకుడెందుకురా?"
నేను గూడ నవ్విన.
ఆ నవ్వు ఇంకా గొంతుల ముల్లయి ఉన్నది.

రాత్రంత జోకుతున్న.
ఒక పళ్లెంల నెల జీతం, మూడు పూటల బువ్వ,
ఇస్త్రీ బట్టలు, బాపు దగ్గు మందు.
ఇంకో పళ్లెంల నాలుగేండ్లు.
నాలుగేండ్లయినంక నలుగురిల ఒక్కడే ఉంటడట,
మిగిలిన ముగ్గురు
పెట్టె సదురుకొని కాజీపేటల దిగుడే.
సగంల ఇడిసిన డిగ్రీ ఉన్నది, అది ఏ పళ్లెమో తెల్వది.
ఓదెలు నవ్వు ఉన్నది, దానికి బరువు లేదనుకున్న.
ఉన్నది.

ఇంకొకటున్నది. జోకబుద్ధి కాలె ఇన్నొద్దులు.

కరీమాబాద్ల మా ఎనుకింటి కనకలక్ష్మక్క.
పెనిమిటి నాయక్. లడాయిల పోలె,
సిలిగురిల జరమొచ్చి పోయిండు.
ఎవరో ఒక్క అక్షరం తప్పు రాసిన్రు:
కనుకలక్ష్మి.
పదకొండు నెలలు పింఛను ఆగింది.
అక్క కుట్టుమిషన్ అమ్మింది.
అర్జీలన్నీ నేనే రాసిన,
టైపు ఇన్‌స్టిట్యూట్ల రహమతుల్లా సారు పైస తీసుకోకుంట కొట్టిచ్చిండు.
ఆ రాసినాయిన యాడోడో,
కనుక అంటే మా భాషల "అందుకే" అని
ఆయినకెట్ల ఎరుక?
ఎందుకే అని అడిగేటోళ్లు లేరు, అందుకే.

పన్నెండో నెల ఫోనొచ్చింది.
అటు దిక్కు గొంతు, వచ్చీరాని తెలుగు:
"అమ్మా, పెండ్లి ఫొటో, బడి సర్టిఫికెట్ పంపు,
నేను సరి చేస్త."
చేసిండు.
పేరు చెప్పలె. కాయితం కింద సంతకం సుత
కోడి గీరినట్టున్నది, చదువరాలె.

ఆపింది ఒక క్లర్కే.
ఇడిసింది ఇంకో క్లర్కే.
అదే కుర్చేమో, ఎవలకెరుక.

పొద్దుగాల బాపు ఎన్నడూ లేంది
తన ముచ్చట చెప్పిండు.
"కొయ్యకాంటలున్నప్పుడు
చిటికెన ఏలు పళ్లెం అంచుకు ఆనిస్తే సాలు,
బస్తాకు కిలో మాయం.
సేటు చాయ తాపి మరీ అడిగేటోడు.
ముల్లు నిలబడేదాక నేను నోరు తెరువకపోదు,
ఏలు దింపకపోదు."
ఇప్పుడు కాంటకు ముల్లు లేదు,
ఎర్ర అంకెలు మెరుస్తయి.
ఆయిన మాత్రం ఇంకా ఒక నిమిషం ఆగే
అంకె చదువుతడట. కుర్రోళ్లు నవ్వుతరట.

పొమ్మనలె. వద్దనలె.
"ఆడ మిర్చి ఘాటు ఉండదు గద" అన్నడు,
మల్ల తుమ్మిండు.

సోమవారం లోపట ఫారం పంపాలె.
మూడో పేజీల ఒక గడి ఉన్నది:
నాకేమన్న అయితే ఎవలకు చెప్పాలె.
బాపు పేరు రాయవోయి చెయ్యి ఆగింది.
లైసెన్సుల సారంగం,
ఆధార్ల సారంగపాణి.
"బాపూ, ఏది రాయాలె?"
"ఏదైతేందిరా" అన్నడు, అటు మర్లి పండుకొని.

"గట్లెట్ల బాపూ" అని
లేచి లైటేసిన.
సందుగల పాత కాయితాలన్నీ తీసి
నేల మీద పరిచిన.