మూత తీసేముందు

సీసా ఇమ్మంటే ఇచ్చేస్తాను గానీ
కాసేపు కూచో తల్లీ.
బ్రహ్మపురం పెద్దబజారులో నా కొట్టుకి
మూడువైపులే గోడలు,
నాలుగో వైపంతా వాసన.

ఒళ్ళో గుంటకి ఎన్నో నెల?
నాలుగా.
అయితే మూత తియ్యను.

ఋషికుల్య దాటేక, ఇసక దిబ్బల మీద,
శ్రావణంలో, చీకటుండగానే
కొక్కెం కర్రతో మొగలి పొదల్లో దూరే
దాలెమ్మ చేతులు చూసేవా ఎప్పుడైనా?
మోచేతుల దాకా తెల్లటి గీతలు,
గీసి గీసి తుడవని పలకలా.
ఆవిడ తెచ్చిన పూలని
రాగి డేగిసాలో కూరి, మట్టితో మూతి మెత్తి,
సరుగుడు పుల్లల మంట పక్కన
ఉగ్రసేన పాత్రో రాత్రంతా చెవి ఒగ్గి కూచుంటాడు.
నీళ్ళు గుసగుసలాడాలి గాని
అరవకూడదంటాడు.
గంపలకి గంపలు ఉడికితే
మిగిలేది ప్రమిద అడుగు తడిసేంత.

జడలో పెట్టుకున్న పువ్వు
సాయంత్రానికి వాడి ఊరుకుంటుంది.
ఇది ఊరుకోదు.

"మొక్కలోంచి వచ్చిందే కదా, ఏం చేస్తుంది?"
నువ్వే కాదు, అందరూ అంటారు.
ఉమ్మెత్త కూడా మొక్కే తల్లీ.

ఇదిగో నా మణికట్టు.
ఈ రూపాయంత మచ్చ లవంగ నూనెది.
కొట్టు తెరిచిన కొత్తలో
ఏదీ కలపకుండా రాసేసుకున్నాను.
నీళ్ళు పోస్తే మంట పోలేదు,
కొబ్బరినూనెతో తుడిచేక కాస్త దిగింది.

నిద్ర పట్టడం లేదన్నావు, అది నీ సంగతి.
పెద్ద చెంచాడు నువ్వులనూనెలో రెండు చుక్కలు.
మూడోది పడిందా, మరో చెంచా నూనె పొయ్యి.
ముందు మోచేతి మడతలో రవ్వంత రాసి
ఒక పగలూ ఒక రాత్రీ ఆగు.
దురద పెడితే నా కొట్టు మర్చిపో.
నోట్లోకి వద్దు. కళ్ళ దగ్గర వద్దు.
గుంట పడుకున్న గదిలో ఆవిరి పెట్టకు,
దాని ముక్కు ఇంకా
నీ పాల వాసన నేర్చుకుంటోంది.

నీకో మాట చెప్తాను, ఎవరితో అనకు.
ముప్పయ్యేళ్ళుగా ఈ సీసాల మధ్య కూచుని
నాకిప్పుడు మొగలి వాసనే తెలీదు.
అందుకే చుక్కలు లెక్కపెడతాను,
పైకే, ఒకటి, రెండు,
కొన్నవాళ్ళకి వినబడేలా.

నల్లసీసాలో పోసేను. బీరువా పైన పెట్టు.
చిల్లర లేకపోతే వచ్చేవారం ఇద్దువు గానిలే.

అదిగో, గుంట తుమ్మింది.
లే, లే,
బయట గాలిలో నిలబడు.