ఫ్యాను ఆగిన నిమిషం

చొక్కా విప్పమన్నాను.
ఎండకి మాడిన మెడ, దాని కింద
చెరువు గట్టు ఎప్పుడూ చూడని తెల్లటి ఛాతీ.
ఆరు బిళ్ళలు అంటించాను.

"కదలకండి పెద్దిరాజు గారూ, మాట్లాడకండి."
మాట్లాడకపోవడం ఆయనకి అలవాటేనట.
తెల్లమచ్చ వచ్చి రెండో చెరువు తేలిపోయిన తెల్లారి
కాఫీలో పంచదార తక్కువైందన్నారట,
అంతే.
బెంచీ మీంచి వాళ్ళావిడ చెప్పింది.

ఇందాక డాక్టరు గారు అడిగారు:
చుట్ట? లేదు. సుగరు? లేదు. నిద్ర?
"కరెంటున్నంతసేపూ పడుద్దండి, ఆయ్."
నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

రొయ్య ఈత మందగిస్తే
సీసాడు నీళ్ళతో గంటలో ఆకివీడు ల్యాబులో ఉండే మనిషి,
తనని తాను ఇక్కడికి తెచ్చుకోడానికి
మూడు పంటలు పట్టింది.

గీత బాగానే వస్తోంది.
ఇంతలో ఫ్యాను ఆగింది.
భీమవరంలో పన్నెండింటికి మామూలే.
మిషను బ్యాటరీ మీద రాసుకుపోతోంది,
ఒకదాన్నొకటి తొక్కుకుంటూ
పరిగెత్తే గీతలు.
కళ్ళు మూసుకునే ఉన్నారు. చెయ్యి మాత్రం
మంచం పక్కన లేని స్టార్టరు కోసం తడుముతోంది.

జనరేటరు అందుకుంది.
కాగితం చింపాను.
ఆ నిమిషం దగ్గర ఏమని రాయాలో తెలీక
పెన్నుతో
"కరెంటు పోయింది" అని రాశాను.