గీత లేవలేదు

సడవలీ, ఇది నీకు నాగపూర్‌లోనే చెప్పాల్సింది.
తిరుగు బస్సులో నువ్వు నిద్రపోయావు,
ఆలపల్లి అడవి దాటేదాకా నీ తల నా భుజం మీదే.
మీ నాయిన పోచం మాత్రం ఆగిన ప్రతిచోటా అడిగాడు:
"మందుంటదా మేడం, ఇంకేదన్న చుక్కల మందు?"

చుక్కల మందు మూడేళ్ళు పోశారు నీకు.
మునగాకు తిన్నావు. మేక కార్జం నిప్పుల మీద కాల్చి పెడితే
మూతి కాలుతున్నా తిన్నావు.
అయినా దీపాలు పెట్టే వేళ దాటితే
సొంతింటి గడపే తగిలి పడ్డావు.
బళ్ళో సారు అంధార్ అంటాడు, ఇంట్లో అమ్మ చీకటి అంటుంది,
నీకు రెండూ ఒకటే గోడ.

లైట్లన్నీ తీసేసి అరగంట కూర్చోబెట్టామే, ఆ గది,
కంటి అంచున వెంట్రుకంత తీగ పెట్టి
"రెప్ప కొట్టకు బిడ్డా" అన్నానే,
అప్పుడు నీ కళ్ళు ఊరికే లేవు.
కంటి లోపలి తెరలో, ఉల్లిపొరలాంటి తెరలో,
కోట్ల కడ్డీ కణాలు మాట్లాడుతూనే ఉన్నాయి.
చీకట్లోనే అవి మాట్లాడేది.
చదువుకునే రోజుల్లో నమ్మలేక పేజీ వెనక్కి తిప్పాను:
చీకటి వాటికి ఖాళీ కాదు, పని.
చీకటి, చీకటి, ఇంకా చీకటే అని
బొట్టుబొట్టుగా రసం వదులుతూ కబురు.
వెలుగు తగిలిందా, నోరు మూసుకుంటాయి.

మరి ఆ మౌనాన్ని వెలుగని ఎవడు చదవాలి?

సన్నని ఎడం ఒకటుంటుంది అక్కడ, ఏరులా.
అవతల ఇద్దరు కాచుకుని ఉంటారు.
ఒకడు విన్నది విన్నట్టే అప్పజెప్తాడు.
రెండోవాడు తలకిందుల మనిషి:
అరుపు వినిపిస్తే ముడుచుకుంటాడు,
అరుపు ఆగితే లేచి కేకేస్తాడు, వెలుగొచ్చిందని.
అడ్డంగా చేతులు చాచిన కణాలు కొన్ని
పక్కవాణ్ణి కాస్త తగ్గమంటాయి;
అందుకే నల్ల పడవ అంచున
నీళ్ళు ఉన్నదానికంటే తెల్లగా మెరుస్తాయి.

మిషన్ మెరిసింది.
కాగితం మీద గీత కిందికి జారింది.
అది కడ్డీల మౌనం. వాటికే లోపమూ లేదు.
ఆ వెంటనే గుట్టలా పైకి లేవాలి.
లేవలేదు.
మళ్ళీ మెరిపించాను. లేవలేదు.
కేకెయ్యాల్సినవాడు ఉన్నాడు బిడ్డా,
పుట్టుకతోనే వాడికి చెవి లేదు.

ఇదంతా పోచానికి ఎట్లా చెప్పను?
కడ్డీలనీ రసమనీ రెండు మాటలు మొదలుపెట్టి తడబడ్డాను.
ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నాడు:
"వంతెన పడకముందు రాత్రిళ్ళు పడవ మీదనే పండేటోణ్ణి.
కప్పలు మొత్తుకుంటున్నంత సేపు గట్టు మీద ఎవలు లేనట్టు.
సప్పున ఆగినయనుకో, మనిషొచ్చిండు. లేచి తెడ్డు పట్టేది.
మా వానికి కప్పలు ఆగింది తెలుస్తలేదు. గంతేనా?"

అంతే, అన్నాను. నా పదేళ్ళ చదువూ అంతే.

ఇది ముదరదు, నయమూ కాదు.
పగలు తెల్లకాగితం మీద నల్లక్షరాలు చదువుతున్నావంటే
ఆ మొదటివాడి పుణ్యం ఉంది అందులో.
మీ అమ్మ వాళ్ళ నాయిన పొద్దుగూకితే
వాకిలి దాటలేదంట, ఊరంతా పిరికోడందంట.
ఆయన్నెవరూ ఆ గదిలో కూర్చోబెట్టలేదు.

అంకీస దగ్గర దిగేసరికి ఎనిమిదైంది.
వాన వెలిసిన మడుల మధ్య బాట,
మీ నాయిన తువ్వాల కొస నీ పిడికిట్లో.
నాకు కొంచెం నక్షత్రాల వెలుగు. నీకు అదీ లేదు.
రెండు పక్కలా కప్పలు.
ఉన్నట్టుండి ఆగాయి.

నువ్వు నిలబడిపోయావు.
"నాయినా, ఎవలో వచ్చిండ్రు."

"మనమే బిడ్డా,"
అన్నాడాయన, తువ్వాల కాస్త లాగి.