మానిటాల్ సీసా

పుష్యమాసం. రాత్రి రెండు దాటింది.
పాలమూరు పెద్దాస్పత్రి, కంటి వార్డు.
స్టాండుకు తగిలించబోతే సీసా అడుగున
తెల్లటి పలుకులు, తుమ్మముళ్ళంత సన్నం.
చలికి మానిటాల్ పేరుకుంది.
స్టీలు గిన్నెలో వేన్నీళ్ళు పోసి
సీసాను తిప్పుతూ కూర్చున్నాను.
ఒక్కో ముల్లే కరిగి కనపడకుండా పోయింది.
పాలసీసా చూసినట్టు
మోచేతికి ఆన్చి వేడి చూశాను.

ఈదమ్మ కుడికన్ను రాయి.
తల పగులుతుందంటది. లైటు చుట్టూ
సింగిడి తిరుగుతుందంటది.

"ఏం మందు బిడ్డా?" కుర్మయ్య అడిగిండు.
"షుగర్ ఆల్కహాల్." నోరు జారాను.
"అయ్యో! గామె పెండ్లిల సుత కల్లు ముట్టలే!"

ఎట్లా చెప్పాలి,
ఇది కైపెక్కించేది కాదని,
చక్కెర తన కొసన రెండు హైడ్రోజన్లు తొడుక్కుంటే
ఇదవుతుందని,
తీపి మిగులుతుంది గానీ
గోడ దాటే ఉపాయం మరిచిపోతుందని?

పన్నెండేళ్ళుగా ఈదమ్మ నెత్తుట్లో చక్కెర ఎక్కువే.
అది కంటిపాప వెనక కటకంలోకి జొరబడింది.
అక్కడొక ఎంజైము, పనిలేని రోజు లేనిది,
దాన్ని సార్బిటాల్ చేసి కూర్చోబెట్టింది.
వచ్చిన సందులోంచి ఇక పోలేదు.
ఉన్నచోటి నుంచే నీళ్ళను పిలిచింది.
నీళ్ళొచ్చాయి.
నానిన శనగగింజలా కటకం ఉబ్బి
కంటి మోరీకి అడ్డం పడింది.

నా చేతిలోది దాని తోబుట్టువు.
అవే ఆరు కార్బన్లు, అవే ఆరు చేతులు.
రెండో కార్బన్ దగ్గర ఒక్క చెయ్యి
అటు కాకుండా ఇటు.
ఇదీ కణం గడప తొక్కదు.
ఇదీ నీళ్ళనే పిలుస్తుంది,
కాకపోతే వీధిలో, నెత్తుట్లో నిలబడి.

అరగంటలో సీసా ఖాళీ.
నాలుగింటికి ఒంటేలుకు లేస్తనన్నది ఈదమ్మ.
కొలగ్లాసులో ఎనిమిది వందలు. చార్టులో రాశాను.
డాక్టరమ్మ వచ్చి, సీతాఫలం మాగిందా లేదా
చూసినంత నెమ్మదిగా
రెప్ప మీద రెండు వేళ్ళు ఆనించింది.
"దిగింది. పొద్దున ఆపరేషన్."

"సింగిడి పోయింది," అన్నది ఈదమ్మ,
కొంచెం బెంగగానే.

కుర్మయ్య ఖాళీ సీసా మూతి కింద వేలు పెట్టి
మిగిలిన చుక్క నాలుకకు రాసుకున్నడు.
"తియ్యగనే ఉన్నది,"
ఎవరినో తప్పుపడుతున్నట్టు అన్నడు.