రెండు మిల్లీమీటర్ల గుట్ట

పుప్పాలగూడ, పద్దెనిమిదో అంతస్తు.
చాపలా చుట్టి, చంకన పెట్టుకుని
లిఫ్టులో రాయి తెచ్చాడు మొగిలి.
చుట్ట మీద చీటీ: ఉదయ్‌పూర్.

మందం రెండు మిల్లీమీటర్లు.
వంచితే వంగుతుంది.
బ్లేడుతో గీసి, స్విచ్‌బోర్డుకి చోటు కోసి,
వెనకంతా జిగురు పులిమి
జ్వరమొచ్చిన పిల్లాడి నుదుటికి తడిగుడ్డ వేసినట్టు
హాలు గోడకి అదిమాడు.

"మా నాయినకి ఒక్క గుండు పగలనీకి
పొద్దుగూకేది సార్.
సమ్మెట ఎత్తకముందు చెవి ఆనిచ్చి వినెటోడు,
యాడ ఇచ్చుకుంటదో రాయే చెప్తదని."

అలవాటు అతనికీ వచ్చిందేమో,
అతికించిన పలకని వేలి కణుపుతో తట్టాడు.
ప్లైవుడ్ పలికింది.
ఇద్దరం విననట్టే ఊరుకున్నాం.

బాల్కనీ ఎదురుగా మిగిలిన ఒక్క గుట్ట.
దాని ఒంటి నిండా
ఎర్ర పెయింటుతో డ్రిల్లు గుర్తులు.

రెండింటికి సైరన్ మోగింది.
మొగిలి పరుగున వచ్చి
రెండు అరచేతులూ గోడకి ఆనించాడు.
"జిగురు ఇంకా ఆరలే సార్."

కిటికీ అద్దాలు గజగజలాడాయి.
కాసేపటికి దుమ్ము పైదాకా వచ్చింది.
"ఎంతసేపు పట్టుకోవాలి?"
"ఇంకో పది నిమిషాలు."

లేచి వెళ్లి
రెండో మూల నేను పట్టుకున్నాను.