అనుమతి ఉన్నవాళ్లు

త్బిలిసి నుంచి ఉత్తరం, మూడే వాక్యాలు:
సర్వర్‌లోకి ఎవరెవరు రావచ్చో రాసిపెట్టండి.
రాయని వాళ్లెవరూ రాకూడదు.
శుక్రవారం లోపు.

ఓని ఊళ్లో నదీమట్టాలు రాసుకునే ఆఫీసు మాది.
రెండు గదులు, ఒక కట్టెల పొయ్యి,
పొయ్యికి దూరంగా
చలికాలంలో కూడా ఫ్యాను తిరిగే నల్లటి పెట్టె.
దానికో తలుపుందని ఇన్నేళ్లూ ఎవరికీ గుర్తు లేదు.
వచ్చినవాళ్లు వచ్చారు,
పోయినవాళ్లు పేర్లు వదిలేసి పోయారు.

జాబితా తీశాను. పందొమ్మిది పేర్లు.
ఒక ఎండాకాలం పని నేర్చుకోడానికొచ్చిన కుర్రాడు,
వాడి పాస్‌వర్డ్ వాడి కుక్క పేరని ఆఫీసంతటికీ తెలుసు.
పెళ్లయి జుగ్దిదికి వెళ్లిన త్సియాలా.
'టెస్ట్' అని ఒకరు, 'టెస్ట్ రెండు' అని ఇంకొకరు,
వీళ్లని ఏ తల్లీ కనలేదు.
ఒక్కొక్కరినే తీసేస్తుంటే
విస్తరి ముందు కూర్చున్నవాళ్లని
చెయ్యిపట్టి లేపినట్టుంది.

ఓతియా పేరు దగ్గర వేలు ఆగింది.
పోయి రెండేళ్లు.
అతని టీ గ్లాసులో గోచా పెన్సిళ్లు పెట్టుకుంటాడు.
"చచ్చినవాడు లోపలికి రాలేడుగా, ఉంటే ఏం?" అన్నాడు గోచా.
రాలేడు కాబట్టే తీసెయ్యాలన్నాను.
దొంగ కన్నం వేసేది ఖాళీ ఇంటికేగా ముందు.
తీసేశాను.

నాలుగు పేర్లు మిగిలాయి.
ఈ పనిలో నాకు తెలిసిన బుద్ధి ఒక్కటే:
కొత్త తాళం వేశాక లోపల ఒక మనిషిని ఉంచి
బయట నుంచి తట్టి చూడాలి.
ఒకసారి అంబ్రోలౌరిలో, ఇంట్లో కూర్చుని,
అందరి పేర్లూ రాసి నా పేరు మరిచాను.
నా చేత్తో నన్నే గెంటుకుని
గడ్డకట్టిన రోడ్డు మీద ముప్పై కిలోమీటర్లు
కారు తోలుకుంటూ వచ్చాను.
ఆ కథ గోచా ప్రతి విందులోనూ చెప్తాడు,
ప్రతిసారీ కిలోమీటర్లు పెరుగుతాయి.
ఈసారి తట్టాను. తెరుచుకుంది.
లోబియానీ పొయ్యి మీద వేడిచేసుకుని
పొద్దుపోయిన భోజనం కానిచ్చాం.

మూడింటికి ఘెబి నుంచి నీటిమట్టం రాలేదు.
మూడుంపావుకి రాలేదు.
మూడున్నరకీ.
ఎగువన వాన. కిటికీలోంచి చూస్తే రియోని
తుప్పు నీళ్ల రంగులో ఉంది.
తీగ తెగిందో, వంతెనే పోయిందో అనుకుంటూ
లాగ్ తెరిచాను.

ఓతియా: అనుమతి లేదు.
ఓతియా: అనుమతి లేదు.
ఓతియా: అనుమతి లేదు.

పన్నెండేళ్ల కిందట
వంతెన కింద కొలత యంత్రం బిగించినప్పుడు
దానికో పేరు ఆలోచించే ఓపిక లేక
తన పేరే ఇచ్చేశాడు.
అప్పట్నుంచీ నది అతని పేరు చెప్పుకునే లోపలికొచ్చి
ఎంత ఎత్తున ఉందో చెప్పి పోతోంది,
పదిహేను నిమిషాలకోసారి.
అతన్ని మట్టిచేసిన రోజు కూడా వచ్చింది,
తొంభై ఆరుసార్లు.
మేం ఎవ్వరం చూడలేదు.

గోచా ఏమీ అనలేదు.
పెన్సిళ్లు బల్ల మీద పోసి
గ్లాసు కడగడానికి వెళ్లాడు.

యంత్రానికి వేరే పేరు పెట్టొచ్చు. పెట్టాలి కూడా.
అందుకు ఘెబి దాకా వెళ్లాలి,
వెళ్లాలంటే వాన తగ్గాలి.
ఇవాళ్టికి మాత్రం ఇలా రాశాను:
ఓతియా రావచ్చు.
వంతెన కింది ఆ ఒక్క చిరునామా నుంచే.
ఒక్క అంకె చెప్పడానికే.
ఏమీ అడగకూడదు, ఏ గదీ చూడకూడదు,
కూర్చోకూడదు.

పావుతక్కువ నాలుగుకి వచ్చాడు.
మూడు మీటర్ల పదకొండు, అన్నాడు.
వెళ్లిపోయాడు.

దిగువ ఊళ్లకి ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టాం.